పాస్టర్ గారి మీద ఇచ్చిన ఫిర్యాదు కదలడం లేదా?

సమస్య: "ప్రార్థన చేద్దాం" అని పంపించేస్తున్నారు

కారణం చాలాసార్లు ఒక్కటే. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి నోటిమాటగా చెప్పి ఉంటాం, అదీ పాస్టర్ గారు ఎంపిక చేసుకున్న పెద్దలకే. కాగితం మీద పెట్టండి. "ఆయనకు గర్వం ఎక్కువ" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "ఫలానా ఆదివారం మందిర నిర్మాణానికి పదివేలు ఇచ్చాను, రసీదు ఇవ్వలేదు, పక్కన ఫలానా ఇద్దరున్నారు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. నకలు మీద "అందింది" అని సంతకం చేయించుకోండి. చేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

చిత్తూరు, తిరుపతి వైపు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) మందిరమైతే ముందు పాస్టరేట్ కమిటీకి (స్థానిక సంఘ కమిటీ), అక్కడ తేలకపోతే కడపలోని రాయలసీమ డయోసిస్ (బిషప్ గారి పరిధిలోని సంఘాలన్నీ కలిపి) బిషప్ గారికి రాయాలి. కతోలిక విచారణ (పారిష్) అయితే కడప పీఠాధిపతికి, అంటే అక్కడి కతోలిక బిషప్ గారికి.

సమస్య: పాస్టర్ గారి పైన ఎవరూ లేరు

స్వతంత్ర సంఘాల్లో వచ్చే చిక్కు ఇది. ఆయనే అధ్యక్షుడు, భార్య కోశాధికారి, ఇక లెక్క అడిగేదెవరు? సంఘం సొసైటీగా నమోదైందేమో జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని, నియమావళి నకలు తీసుకోండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. కాకపోతే సభ్యుల జాబితాలో పేరుండాలి. ఏళ్ల తరబడి దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) ఇస్తున్నా పేరు ఎక్కనివాళ్లు ఉంటారు, ముందు అది చూసుకోండి.

సమస్య: "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అంటున్నారు

అభిషిక్తుడంటే దేవుడు ఏర్పరచుకున్నవాడు, అంటే ఇక్కడ పాస్టర్ గారని వాళ్ల ఉద్దేశం. ఈ మాటకే చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు. ఆ మాట ఉన్న బైబిల్ 105వ కీర్తన తీసి చదవండి. అక్కడ దేవుడు గద్దించింది రాజుల్ని, దేశాలు పట్టి తిరుగుతున్న కొద్దిమందికి కీడు చేయవద్దని. సంఘ పెద్దల సంగతి మొదటి తిమోతి 5వ అధ్యాయంలో ఉంది: ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే ఆరోపణ వినాలి, పాపం చేసినవాళ్లను అందరి ముందూ గద్దించాలి. ఆ వచనాన్నే ఫిర్యాదులో రాయండి.

సమస్య: విషయం పిల్లలది

ఇక్కడ కమిటీ, బిషప్ అంటూ ఏ వరుసా వద్దు. పిల్లలపై లైంగిక వేధింపు అని తెలిస్తే ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది, చెప్పకపోతే శిక్ష ఉంది. పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బిడ్డను పెద్దల ముందు కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ అడగనివ్వకండి. "సంఘం పరువు పోతుంది, మాట్లాడుకుందాం" అని ఇంటికి వచ్చేవాళ్లతో రాజీకి కూర్చోవద్దు, ఆ రాజీతో కేసు పోదు.