ఒడియా–తెలుగు జోడీ: వారానికి రెండు గంటల్లో ఒకరికొకరు నేర్పుకోవడం

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. శ్రీకాకుళం జిల్లా ఆ అంచున ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో చదివినా, విజయనగరం గిరిజన యూనివర్సిటీలో చదివినా, ఒడియా వచ్చిన ఒకరు, తెలుగు వచ్చిన ఒకరు దొరికితే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఖర్చు ఒక నోటుబుక్కు.

జోడీకి ఇద్దరే ఉండాలి. అయిదుగురు కూర్చుంటే బాగా వచ్చినవాళ్లే మాట్లాడతారు, నేర్చుకోవాల్సినవాళ్లు వింటూ ఉండిపోతారు. వారానికి రెండుసార్లు, గంట చొప్పున కలవండి: 25 నిమిషాలు తెలుగు, 25 నిమిషాలు ఒడియా, మిగతా 10 నిమిషాలు నోటుబుక్కుకి. ఫోన్‌లో టైమర్ తప్పనిసరి. అది లేకపోతే పావుగంటకల్లా ఇద్దరూ హిందీలోకో ఇంగ్లీషులోకో జారిపోతారు. సోమవారం తెలుగుతో మొదలుపెడితే గురువారం ఒడియాతో మొదలుపెట్టండి, అలసిపోయిన సగం ఎప్పుడూ ఒకే భాషకి పడకూడదు.

ఒడియా వాళ్లకి తెలుగులో అసలు చిక్కు అచ్చుల పొడుగు. వాళ్ల ‘అ’ మన ‘ఒ’కి దగ్గరగా పలుకుతుంది, అందుకే మన పొట్టి ‘అ’ వాళ్ల చెవికి ‘ఆ’లాగే వినబడుతుంది. ‘పడింది’, ‘పాడింది’ కలిసిపోతాయి. ఎ–ఏ, ఒ–ఓ తేడా కూడా వాళ్లకి లేదు కాబట్టి ‘మెడ’, ‘మేడ’ ఒకటైపోతాయి. ముందు పలికించకండి, వినిపించండి. ఈ మాటల్ని కలగాపులగంగా పదిసార్లు చెప్పండి. పొట్టిదైతే ఒక వేలు, పొడుగుదైతే రెండు వేళ్లు ఎత్తమనండి. పదికి ఎనిమిది సరిగ్గా వచ్చాకే నోటితో అనిపించాలి. పొట్టి అచ్చుకి బల్ల మీద ఒక దెబ్బ, పొడుగుదానికి రెండు. తర్వాత ‘అమ్మాయి మెట్ల మీద పడింది’, ‘అమ్మాయి పెళ్లిలో పాడింది’ లాంటి వాక్యాలు. చెవికి పట్టకుండా నోటిని తొందరపెడితే మీ ముందు సరిగ్గా అని, మెస్‌లో మళ్లీ తప్పంటారు.

రెండో చిక్కు క్రియ. ఒడియాలో ‘సే ఆసిలా’ అంటే వచ్చాడూ అవుతుంది, వచ్చిందీ అవుతుంది. అందుకే ‘తమ్ముడు వచ్చింది’ అని వస్తుంది. ఇది అజాగ్రత్త కాదు, నవ్వకండి.

ఒడియాలో తెలుగువాళ్లు తప్పేది ‘భ’ లాంటి ఒత్తక్షరాల దగ్గర. ఆకలేస్తోందనడానికి ‘మొతే భోకొ లాగుఛి’ అనాలి, మనం ‘బోకొ’ అనేస్తాం. నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని అనండి, ‘భ’కి అది కదలాలి. అన్నట్టు, ఆ వాక్యం కట్టిన తీరు అచ్చం మన ‘నాకు ఆకలేస్తోంది’లాంటిదే. ఇలాంటివి చూపిస్తే ధైర్యం వస్తుంది.

వాక్యం మధ్యలో ఆపి దిద్దకండి. గంటకి మూడు తప్పులే రాసిపెట్టుకుని చివరి పది నిమిషాల్లో చెప్పండి. పది తప్పులు చెబితే మరుసటి వారం మాటే పెగలదు.

బజారులో ‘ఏటి సేస్తన్నావు’ వినిపిస్తుంది, పుస్తకంలో ‘ఏం చేస్తున్నావు’ ఉంటుంది. రెండూ నేర్పండి, మొదటిది తప్పని మాత్రం చెప్పకండి. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవర భాషని సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. ఇక్కడివాళ్ల నోటి తెలుగుకీ ఆ మర్యాద దక్కాలి.

జోడీలు ఎక్కువగా విడిపోయేది సెమిస్టర్ పరీక్షలప్పుడే. ఆపే ముందే మళ్లీ కలిసే తేదీ నోటుబుక్కులో రాసుకోండి. ఈలోగా రెండు రోజులకోసారి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చాలు, ఎవరు నేర్చుకునే భాషలో వాళ్లు పంపాలి.