బస్తీలో హెల్త్ క్యాంపు పెట్టే ముందు అక్కడి అవసరాలు ఎలా తెలుసుకోవాలి?

మూసీ పక్కన ఒక బస్తీలో మేం పెట్టిన మొదటి క్యాంపుకు పదకొండు మంది వచ్చారు. టెంటు, కుర్చీలు, డాక్టరు, రెండు అట్టపెట్టెల మందులు, అన్నీ సిద్ధం. కానీ అది మంగళవారం పొద్దున పదిన్నర. అప్పటికే మగవాళ్లు అడ్డా మీది నుంచి పనికి వెళ్లిపోయారు. ఆడవాళ్లలో సగం మంది అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోముతున్నారు. మిగతావాళ్లు నల్లా దగ్గర ఉన్నారు, రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు ఆ రోజే వచ్చాయి మరి. ఇప్పుడైతే క్యాంపుకు మూడు వారాల ముందే బస్తీకి వెళ్తున్నాం.

మొదట, ఇప్పటికే ఉన్న లెక్కలు చూడండి. గర్భిణులు ఎందరు, టీకాలు వేయించుకోని పిల్లలు ఎందరు అన్నది ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, అంగన్‌వాడీ టీచరుకు తెలుసు. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో ఏ జబ్బుతో ఎక్కువ మంది వస్తున్నారో అడగండి. 2018లో మొదలైన ఈ దవాఖానాల్లో వైద్యం, మందులు ఉచితం. అక్కడ దొరికేదే మీరూ ఇస్తే డబ్బు దండగ. అయితే ఆ రిజిస్టర్లలో ఉండేది వచ్చినవాళ్ల పేర్లే. రానివాళ్ల కోసం వీధిలోకి వెళ్లాల్సిందే.

బస్తీ మనిషి ఒకరిని వెంటబెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడవండి. మోరీ ఎక్కడ పొంగుతోంది, నల్లా పైపు దాని పక్కనుంచే పోతోందా అని చూడండి. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి జనం చనిపోయిన సంగతి ఇక్కడ చాలామందికి గుర్తే. పైపు పగిలిన చోట విరేచనాలు తగ్గే మాత్రలు పంచుతూ కూర్చుంటే లాభం లేదు, ముందు జలమండలికి ఫిర్యాదు వెళ్లాలి.

తర్వాత ఇంటింటికీ. రెండు వందల ఇళ్లుంటే ఐదింటికొకటి చొప్పున నలభై ఇళ్లు చాలు. అసలు కిటుకంతా అడిగే తీరులో ఉంది. "మీకు ఏం జబ్బులున్నాయమ్మా?" అంటే "ఏం లేవు బిడ్డా, దేవుడి దయ" అంటారు. "పోయిన నెల ఇంట్లో ఎవరికి బాగోలేదు? ఎక్కడికి తీసుకెళ్లారు? ఎంతయింది? ఎన్ని రోజుల కూలి పోయింది?" అని అడగండి. ఒక పెద్దమ్మ అప్పుడుగానీ గూట్లోంచి బీపీ మాత్రల అట్ట తీసి చూపలేదు. సగం మాత్రలు అట్లాగే ఉన్నాయి. "తల తిరిగినప్పుడే వేసుకుంటా" అంది. మా ఫారంలో ఆ గడి లేదు! అప్పుడు అర్థమైంది, ఆమె దగ్గర మందుకు కొదవ లేదు, రోజూ ఎందుకు వేసుకోవాలో కూర్చుని చెప్పేవాళ్లే లేరు.

రెండు వారాలకు మించి దగ్గు ఉందా అని తప్పకుండా అడగండి, ఉంటే కళ్లె పరీక్షకు పంపాలి. కానీ టీబీ మాట నలుగురి ముందు ఎత్తకండి. ఫొటోలు తీయకండి. పాతబస్తీలో ఉర్దూ వచ్చిన అమ్మాయి, బిల్డింగు పనివాళ్ల షెడ్లలో ఒడియా వచ్చిన మనిషి తోడుంటే సగం పని అయినట్టే.

ఏది ముందో తేల్చడానికి చింతగింజలు వాడతాం. నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి దోమలు, నీళ్లు, షుగరు, తాగుడు, కాన్పు అని బొమ్మలు వేస్తాం. మనిషికి పది గింజలిచ్చి, ఎక్కువ బాధపెట్టే గడిలో ఎక్కువ పెట్టమంటాం. చదువు రానివాళ్లు కూడా గడగడా పెట్టేస్తారు. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టండి. మగవాళ్లుంటే తాగుడు గడిలో ఒక్క గింజ పడదు, విడిగా పెట్టమంటే గుప్పెళ్లకొద్దీ పడతాయి.

ఆ మీటింగుకు రానివాళ్లెవరో కూడా రాసుకోండి: మంచం పట్టినవాళ్లు, రేషన్ కార్డు లేని వలస కూలీలు, ట్రాన్స్‌జెండర్లు, ఒంటరి ముసలివాళ్లు. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి.

చివరగా, తేలిన లెక్కను బస్తీలో మళ్లీ చెప్పి, తేదీ, టైము వాళ్లనే పెట్టమనండి. మా రెండో క్యాంపు ఆదివారం సాయంత్రం ఆరింటికి, కిరాణా కొట్టు ముందు ట్యూబ్‌లైటు కింద జరిగింది. చివరి మనిషి బీపీ చూసేసరికి తొమ్మిదిన్నర దాటింది.