కుర్చీలోంచి లేవడానికి కష్టపడుతున్నారా? వయసు అని వదిలేయకండి

ఇంట్లో పెద్దవాళ్ల నడక మందగించగానే "వయసైపోయింది కదా" అనేస్తాం. దయచేసి అనకండి, ఆ మాట వింటే వాళ్లు ఇంకా కూర్చుండిపోతారు. సరిచేసుకోగలిగినవి ఇందులో చాలానే ఉన్నాయి.

సమస్య: చేతులు ఆనించకుండా లేవలేకపోవడం

ఒకసారి పక్కన నిలబడి చూడండి. కుర్చీ పిడి గట్టిగా పట్టుకుని, సగం లేచి, మళ్లీ కూలబడుతున్నారా? మోకాళ్ల నొప్పి అనుకుంటాం గానీ చాలాసార్లు అసలు విషయం తొడ కండ తగ్గిపోవడమే. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి, 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే.

కారణం: కండకు పనీ లేదు, సరిపడా తిండీ లేదు. పళ్లు బాగాలేకో ఆకలి లేకో మెత్తటివి నాలుగు ముద్దలు తిని సరిపెట్టుకుంటారు, వాటిలో ప్రొటీన్ పెద్దగా ఉండదు. పైగా వయసు పెరిగేకొద్దీ శరీరం ప్రొటీన్‌ను మునుపటిలా కండగా మార్చుకోలేదు, అంటే పెద్దవాళ్లకు కావలసింది ఎక్కువే. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు, 60 కిలోల మనిషికి 60-72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, మీరే లెక్కేసుకోండి.

పరిష్కారం: గుడ్లు, పప్పులు, పాలు, పెరుగు, చేపలు, ఏది పడితే అది, కానీ ఒక్క పూటే కాకుండా మూడు పూటలా. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచొద్దు. ఇక వ్యాయామం అంటే ఆ లేచి కూర్చోవడమే. కుర్చీని గోడకు ఆనించి, కాస్త ఎత్తుగా ఉన్నదాంతో మొదలుపెట్టి, 8-10 సార్లు చేసి, ఆగి, మళ్లీ ఒక విడత, రోజు విడిచి రోజు. సులువైపోయాక తక్కువ ఎత్తున్న కుర్చీకి మారండి. "నేను రోజూ నడుస్తున్నాగా" అంటారు, నడక మంచిదే, కానీ అదొక్కటే ఈ బలం ఇవ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా ఇదే: వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు రెండు రోజులు కండ బలానికి, 65 దాటినవాళ్లకు మూడు రోజులు బ్యాలెన్స్‌కి.

సమస్య: జ్వరమో ఆపరేషనో అయ్యాక నడక పడిపోవడం

కారణం మంచమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా పది రోజులు పడుకునే ఉంటే కాళ్లలోనే దాదాపు కిలో కండ పోతుంది. మా నాన్నగారిని జ్వరం తగ్గాక కూడా మేమే మంచం దిగనివ్వలేదు, నీళ్లు కూడా చేతికే అందించాం, తర్వాత బాత్రూమ్‌ దాకా వెళ్లడానికే ఆయన గోడ పట్టుకోవాల్సి వచ్చింది. డాక్టర్ సరే అన్న రోజు నుంచే లేపి కూర్చోబెట్టండి, భోజనం కుర్చీలోనే పెట్టండి.

సమస్య: లేవగానే కళ్లు తిరగడం

నీళ్లు తక్కువ తాగడం వల్ల కావచ్చు, బీపీ మాత్రల వల్ల కావచ్చు. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు బీపీ చూడండి, పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే డాక్టర్‌కి చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

సమస్య: అరికాళ్లు తిమ్మిరెక్కి నేల సరిగ్గా తెలియకపోవడం

షుగర్ గానీ విటమిన్ బీ12 లోపం గానీ ఉండొచ్చు. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గొచ్చు, రక్త పరీక్షలో తెలిసిపోతుంది.

ఒక్కటి మాత్రం వేరు. ఒకవైపు కాలూ చెయ్యీ ఉన్నట్టుండి పట్టు తప్పినా, మాట తడబడినా అది తిండీ వ్యాయామాల సంగతి కాదు, ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.