ఇంట్లో ఉన్న గ్లాసునే ఫొటో తీయండి, ముందు వెలుతురు చూసుకుని

"ఎక్కడికీ వెళ్లట్లేదు, ఇంట్లో ఫొటో తీయడానికి ఏముంది?" అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. వస్తువు కోసం వెతకడం మానేసి, ఇంట్లో వెలుతురు ఎక్కడ పడుతోందో ముందు చూడండి, తర్వాత ఏదో ఒకటి తెచ్చి అక్కడ పెట్టండి. ఆంద్రే కెర్టెజ్ 1928లో తీసిన ఒక ఫొటో ఉంది. ఒక పళ్లెం, దాని అంచుకి ఆనించిన ఫోర్కు, బల్ల మీద దాని నీడ, అంతకు మించి అందులో ఏమీ లేదు. నిజానికి ఫోర్కు కంటే నీడే ఎక్కువ కనిపిస్తుంది. ఆ నీడ తీసేస్తే అది మామూలు ఫోర్కు.

కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకోండి. ఫ్లాష్ వద్దు, గదిలో లైట్లు కూడా ఆపేయండి. ఇది చాలామంది పట్టించుకోరు కానీ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే పసుపు బల్బు వెలుతురు 2700, 3000 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే కొలమానం) దగ్గర ఉంటుంది, పగటి వెలుతురు 5500 చుట్టుపక్కల ఉంటుంది, రెండూ ఒకే వస్తువు మీద పడితే ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం తేలి, తర్వాత ఎడిటింగ్‌లో ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. వెలుతురు పక్క నుంచి పడాలి. కెమెరా వెనక నుంచి నేరుగా పడితే నీడలన్నీ వస్తువు వెనక్కి పోయి, దాని గరుకుతనం, వంపులు ఏవీ తెలియవు. కిటికీకి దగ్గరగా జరిపితే వెలుగు వైపుకీ చీకటి వైపుకీ తేడా బాగా పెరుగుతుంది, దూరం జరిపితే ఆ తేడా తగ్గుతుంది. చీకటి వైపు మరీ నల్లబడితే అటు పక్క ఒక తెల్ల కాగితం నిలబెట్టండి, చాలు. ఇంకా నల్లగా కావాలంటే నల్ల గుడ్డ పెట్టండి.

ఇప్పుడు ఒక గాజు గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి చూడండి. ముందు దాన్ని శుభ్రంగా తుడవండి, వేలిముద్రలు కంటికి కనపడకపోయినా ఫొటోలో కనపడతాయి (లెన్స్ కూడా తుడవండి, జేబులో ఉండే ఫోన్ కదా). గాజు మీద ముందు నుంచి వెలుతురు వేస్తే ఏమీ రాదు, కిటికీ గ్లాసు వెనక వైపు ఉండాలి. వెనకంతా తెల్లటి వెలుతురు ఉంటే గ్లాసు అంచులు నల్లటి గీతల్లా తేలతాయి. అదే గ్లాసు వెనక చిన్న నల్ల అట్టముక్క పెట్టి, దాని చుట్టుపక్కల నుంచి మాత్రమే వెలుతురు వచ్చేలా చేస్తే అంతా తిరగబడి అంచులు మెరుస్తాయి. ఇక ఎండ నేరుగా పడే టైమ్‌లో అయితే బల్ల మీద నీళ్లలోంచి పడ్డ వెలుగు మెలికలు తిరుగుతూ ఉంటుంది, అప్పుడు గ్లాసుని ఫ్రేమ్‌లో సగమే ఉంచి ఆ మెలికలనే తీయండి. నాకైతే గ్లాసు కంటే అవే ఇష్టం.

ఎక్స్‌పోజర్ సంగతి, అంటే ఫొటో ఎంత వెలుగ్గా రావాలన్నది, కొంచెం తెలుసుకోవాలి. కెమెరా దేన్ని చూసినా మధ్యస్థంగా ఉండే బూడిద రంగు వెలుగుకి తేవాలని చూస్తుంది. అందుకే తెల్ల దుప్పటి మాసినట్టు, నల్ల బూటు వెలిసినట్టు వస్తాయి. ఫోన్‌లో వస్తువు మీద నొక్కి, పక్కన వచ్చే గీతని తెల్లవాటికి పైకి, నల్లవాటికి కిందికి జరపండి. అనుమానం ఉంటే కాస్త తగ్గించే తీయండి. నీడలో ఉన్నది తర్వాత కొంతైనా పైకి లాగొచ్చు, పూర్తిగా తెల్లబడిపోయిన చోట ఇంకేమీ మిగలదు.

దగ్గరికి వెళ్లి ఫోన్ మామూలు లెన్స్‌తో తీస్తే ముందున్న భాగం ఉబ్బినట్టు వస్తుంది. రెండడుగులు వెనక్కి వచ్చి 2ఎక్స్ జూమ్ పెట్టుకుంటే ఆకారం సరిగ్గా ఉంటుంది.

నిలబడి కిందికి చూస్తూ తీసే అలవాటు కూడా మానాలి, లోకం అందరికీ అలాగే కనిపిస్తుంది కాబట్టి. విలియమ్ ఎగిల్‌స్టన్ 1970 ప్రాంతంలో మెంఫిస్‌లో ఒక పిల్లల మూడు చక్రాల సైకిల్‌ని దాదాపు నేల మీద కెమెరా పెట్టి తీశాడు. అందులో సైకిల్ వెనకున్న ఇళ్ల కంటే పెద్దదిగా కనిపిస్తుంది. 1976లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఆయన కలర్ ఫొటోల ప్రదర్శన పెట్టినప్పుడు, ఇదేం ఫొటోగ్రఫీ అని విమర్శకులు చాలామంది తిట్టారు, ఇప్పుడేమో ఆయన పేరు లేకుండా కలర్ ఫొటోగ్రఫీ చరిత్ర రాయరు.

బటన్ నొక్కేముందు ఫ్రేమ్ నాలుగు మూలలూ చూడండి. ఛార్జర్ వైరో, ఏదో డబ్బా అంచో దూరి ఉంటుంది, తీసేయండి లేదా మీరే కాస్త జరగండి. అలాగని మరీ సర్దకండి. కుర్చీ ఎవరో లేచి వెళ్లినట్టు పక్కకి తిరిగి ఉంటే అలాగే ఉంచాలి, చెప్పుల్లో ఒకటి బోర్లా పడి ఉంటే దాన్ని తిప్పకండి. అన్నీ నీట్‌గా పేర్చిన ఫొటో వస్తువులు అమ్మడానికి తీసినట్టు ఉంటుంది.

ఒక్కటి తీసి వదిలేయకండి. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన క్యాప్సికం ఫొటో పేరే పెప్పర్ నంబర్ 30, అంటే క్యాప్సికంల మీదే అన్ని నెగటివ్‌లు వాడాడన్నమాట. దీన్ని ఒక రేకు గరాటులో పెట్టి తీశాడు, ఆ గరాటు గోడల మీద నుంచి వెలుతురు తిరిగి వచ్చి క్యాప్సికం వంపులన్నిటికీ తగిలింది. మీరు కూడా తీసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి, కెమెరా ఎత్తో, కిటికీకి దూరమో, వెనక రంగో. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో అర్థం కాదు.

తీసినవాటిలో మంచివి ఏరడం మాత్రం మర్నాడు చేయండి, వీలైతే పెద్ద స్క్రీన్ మీద. రంగు ఆ ఫొటోకి ఏమీ చేయట్లేదనిపిస్తే బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అయితే వెలుతురు చప్పగా ఉన్న ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లో కూడా చప్పగానే ఉంటుంది, దాన్ని డిలీట్ చేసేయండి.