ఘాటెక్కే ముందు కంప్రెషన్ చూసుకోవడం ఎలా: మామూలు ఇంజన్‌లో, కంప్రెషన్ మార్చుకునే ఇంజన్‌లో

అలిపిరి దాటాక కొండ మీదికి రోడ్డు దాదాపు 18 కిలోమీటర్లు. అంతలోనే కారు సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ, పైన మే నెల ఎండ. అలాంటి రోజున ఇంజన్ తన లోపాన్ని దాచుకోలేదు. మలుపులో వేగం పడిపోయాక గేరు దించకుండా మూడో గేరులోనే యాక్సిలరేటర్ తొక్కితే, బానెట్ కింద రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమంటుంది. అదే నాకింగ్. పెట్రోలు బాగాలేదనుకుని చాలామంది వదిలేస్తారు. పెట్రోలు కూడా కారణం కావచ్చు, కానీ ముందు కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల గాలి ఎంత ఒత్తిడికి అదుముకుంటోందో కొలిచి చూడాలి. గంటన్నర పని, పెద్ద ఖర్చూ లేదు.

ముందు లెక్క తెలియాలి. సిలిండర్ అంటే పెట్రోలు మండే గొట్టం, పిస్టన్ అందులో పైకీ కిందికీ ఆడే దిమ్మ. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు సిలిండర్‌లో ఉండే చోటు, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటుకి ఎన్ని రెట్లో అదే కంప్రెషన్ నిష్పత్తి. 1,197 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 299 సీసీ. నిష్పత్తి 11:1 అయితే పిస్టన్ పైన మిగిలే చోటు 29.9 సీసీ, అంటే ఆరు టీ చెంచాల నూనె పట్టేంత. పిస్టన్ తల మీద, గాలీ పొగా వచ్చిపోయే వాల్వుల మీద రెండు సీసీల మసి పేరుకుందనుకోండి, మిగిలేది 27.9 సీసీ. నిష్పత్తి 11.7కి పోతుంది. ఎవరూ ఇంజన్ విప్పలేదు, ఏ భాగమూ మార్చలేదు, అయినా కంపెనీ పెట్టిన నిష్పత్తి మారిపోయింది. స్పార్క్ పడ్డాక మంట ఇంకా చేరని మూలలో ఉన్న గాలీ పెట్రోలూ ఒత్తిడికి వేడెక్కి తమంతట తామే పేలతాయి. ఆ దెబ్బే మనకు వినిపించేది. నాక్ సెన్సర్ దాన్ని పట్టుకుని స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే కాస్త ఆలస్యంగా పడేలా చేస్తుంది. చప్పుడు తగ్గుతుంది, దాంతోపాటు పికప్పూ తగ్గుతుంది. ‘కొండెక్కేటప్పుడు బండి లాగట్లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడినుంచే వస్తాయి.

కొలవడానికి 300 పీఎస్ఐ (టైర్లలో గాలికి వాడే కొలతే) వరకు చూపించే కంప్రెషన్ గేజీ కావాలి. రబ్బరు కోను పెట్టి చేత్తో అదిమిపట్టే రకం వద్దు, చెయ్యి కాస్త సడలితే గాలి పోతుంది. స్పార్క్ ప్లగ్గు థ్రెడ్డుకి సరిపోయే అడాప్టర్‌తో బిగించే గేజీ తీసుకోండి. ప్లగ్గు సైజు 14 మిల్లీమీటర్లా, 12 మిల్లీమీటర్లా అన్నది ముందే చూసుకోండి. బ్యాటరీ 12.5 వోల్టులకు తగ్గకుండా ఉండాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే క్రాంకు (పిస్టన్లను ఆడించే ఇరుసు) నెమ్మదిగా తిరిగి, మంచి ఇంజన్ కూడా రోగిష్టిదిలా కనిపిస్తుంది.

ఇంజన్‌ని మామూలు వేడికి తెచ్చి ఆపండి. ప్లగ్గుల మీద చెయ్యి వెయ్యడానికి ముందు అరగంట ఆగండి. సిలిండర్ల పై మూత అయిన అల్యూమినియం హెడ్ కాలిపోతున్నప్పుడు ప్లగ్గు విప్పితే హెడ్‌లోని థ్రెడ్డు దాంతోపాటే ఊడొస్తుంది, ఆ రిపేరు ఈ పరీక్షకంటే ఎన్నో రెట్లు ఖరీదు. ఈలోగా పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ స్టార్ట్ చేసి దానంతటది ఆగిపోయేదాకా వదలండి. తర్వాత ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిళ్ల కనెక్టర్లు తీసేయండి. కాయిళ్లు తీశాక ప్లగ్గు గుంటల్లోకి గాలి కొట్టించడం మరిచిపోవద్దు. మన రోడ్ల మీద అక్కడ ఇసుక చేరుతుంది. ప్లగ్గు తీయగానే ఆ ఇసుక సిలిండర్‌లో పడితే బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, గీతలు పడుతుంది.

ప్లగ్గులన్నీ తీసి, ఏది ఏ సిలిండర్‌దో వరసగా పెట్టండి. గేజీని మొదటి సిలిండర్‌కి బిగించండి. ఇంకొకరు సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పాలి. పెడల్ తొక్కకపోతే గాలి లోపలికి సరిగా పోదు, సిలిండర్లన్నీ ఒకేలా తక్కువ చూపిస్తాయి. అది చూసి ఇంజన్ పాడైందని తేల్చేసే పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది.

సూదినే గమనిస్తూ ఉండండి. ఆరోగ్యంగా ఉన్న సిలిండర్‌లో మొదటి దెబ్బకే (పిస్టన్ ఒకసారి పైకొచ్చి గాలిని అదమగానే) సూది సగం దాటి ఎగురుతుంది, రెండో దెబ్బకి ఇంకాస్త, నాలుగైదు దెబ్బల్లో పైకి చేరి నిలబడుతుంది. మొదటి దెబ్బ తక్కువగా ఉండి, ప్రతి దెబ్బకీ కొంచెం కొంచెంగా ఎక్కుతూ పోతే పిస్టన్ చుట్టూ గాలి పోకుండా ఆపే రింగుల మీద అనుమానం. మొదటి దెబ్బా తక్కువే, తర్వాత కూడా పెద్దగా ఎక్కకపోతే వాల్వు సరిగా కూర్చోవట్లేదు. అందుకే మొదటి దెబ్బ, ఆరో దెబ్బ రెండూ రాసుకోవాలి. చివరి అంకె ఒక్కటే రాసుకుంటే సగం సమాచారం పోయినట్టే.

టర్బో (గాలిని బలవంతంగా లోపలికి నెట్టే పరికరం) లేని 10:1, 11:1 ఇంజన్లలో సాధారణంగా 150 నుంచి 190 పీఎస్ఐ వస్తుంది, ఖచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అసలు చూడాల్సింది తేడా. అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ మధ్య 10 నుంచి 15 శాతం దాటకూడదు. 180, 178, 176, 140 అని వస్తే నాలుగోదాని పని చూడాలి. అందులో ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా లేస్తే రింగులూ బోరూ అరిగాయి. లేవకపోతే వాల్వు గానీ, హెడ్ కింద గాలి పోకుండా వేసే పొర అయిన హెడ్ గ్యాస్కెట్ గానీ. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా పడిపోతే, ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కాలిందనే ముందు అనుమానించాలి. అన్నీ మాన్యువల్ చెప్పినదానికంటే పైనే ఉంటే లోపల మసి ఉంది, ఘాట్లో గలగలకి కారణం దొరికినట్టే. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బళ్లలోనూ, ఆయిల్ తాగే బళ్లలోనూ ఇది ఎక్కువ. మసి వదిలించకుండా ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, అంటే తొందరగా తనంతట తాను పేలని రకం, పోయిస్తే గలగల తగ్గుతుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకో సంగతి. గేజీ చూపించే అంకె బయటి గాలి ఒత్తిడి మీద కూడా ఆధారపడుతుంది. తిరుపతిలో 170 చూపించిన సిలిండర్ దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో 160 దగ్గర, తిరుమలలో 156 దగ్గర చూపిస్తుంది. ఇంజన్‌కి ఏమీ కాలేదు, గాలి పలచబడింది. మదనపల్లెలో వేసిన రిపోర్టునీ తిరుపతిలో వేసిన రిపోర్టునీ పక్కపక్కన పెట్టి ఇంజన్ పడిపోయిందని గాభరా పడొద్దు. సిలిండర్ల మధ్య తేడా మాత్రం ఎక్కడ కొలిచినా అదే నిష్పత్తిలో ఉంటుంది.

పెట్రోలు ఇంజన్‌తోపాటు కరెంటు మోటారుతోనూ నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లకి ఈ పద్ధతి పనికిరాదు. వాటిలో మామూలు స్టార్టర్ ఉండదు, కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌తో ప్రత్యేక మోడ్‌లో పెట్టి తిప్పాలి. పైగా ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి, కాగితం మీద 13:1, 14:1 అని ఉన్నా గేజీలో అంకె తక్కువే వస్తుంది. దాని మాన్యువల్ అంకెతోనే పోల్చాలి.

ఇక కంప్రెషన్‌ని తనే మార్చుకునే ఇంజన్. మామూలు ఇంజన్‌ది తీరని ఇరకాటం. చిత్తూరు వైపు చదునైన హైవేలో మెల్లగా పోయేటప్పుడు 14:1 ఉంటే పెట్రోలు ఆదా, అదే 14:1తో టర్బో గాలి నింపుకుని ఘాటెక్కితే నాకింగ్‌తో పిస్టన్లే పోతాయి. అందుకే టర్బో ఇంజన్లు చాలావరకు తక్కువ నిష్పత్తి దగ్గరే రాజీపడతాయి. 2000లో సాబ్ సంస్థ జెనీవా ప్రదర్శనలో సిలిండర్ హెడ్‌తో సహా పైభాగాన్ని 4 డిగ్రీలు వంచి 8:1 నుంచి 14:1 వరకు మార్చే ఇంజన్ చూపించింది, అది కార్లలోకి రాలేదు. నిస్సాన్ వేరే దారి పట్టింది. 2016లో పారిస్‌లో చూపించిన 2 లీటర్ల ఇంజన్‌ని ఇన్ఫినిటీ క్యూఎక్స్50లో పెట్టి అమ్మింది. మన దేశానికి 2024 ఆగస్టులో దిగుమతిగా వచ్చిన ఎక్స్-ట్రెయిల్‌లో ఉన్నది ఇదే పద్ధతిలో చేసిన 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్.

ఇందులో కనెక్టింగ్ రాడ్ నేరుగా క్రాంకుకి తగలదు. క్రాంకు పిన్ను మీద వాలుచతురస్రం లాంటి ఒక లింకు కూర్చుంటుంది. దాని ఒక చివర పిస్టన్ వైపు లింకు, ఇంకో చివర కింది నుంచి వచ్చే కంట్రోల్ లింకు. ఎలక్ట్రిక్ మోటారు కంట్రోల్ షాఫ్ట్‌ని తిప్పితే కింది లింకు కదులుతుంది, మధ్య లింకు వాలు మారుతుంది, పిస్టన్ ఎంత పైకి వచ్చి ఆగాలన్నది మారిపోతుంది. ఒక్కో సిలిండర్ 500 సీసీ అనుకుంటే 14:1 దగ్గర పిస్టన్ పైన మిగిలేది సుమారు 38 సీసీ, 8:1 దగ్గర 71 సీసీ. 2 లీటర్ల ఇంజన్‌లో ఇంత తేడా తేవడానికి పిస్టన్ దిగేది 6 మిల్లీమీటర్లే, అంటే చిటికెన వేలి మందం కూడా కాదు.

ఈ కారుకి పైన చెప్పిన గేజీ పరీక్ష ఇంట్లో చెయ్యొద్దు. పరీక్షప్పుడు లింకు ఏ స్థితిలో ఉందో తెలియకపోతే వచ్చిన అంకెకి అర్థమే లేదు, 8:1 దగ్గర తీసిన మంచి రీడింగు 14:1తో పోలిస్తే చచ్చిన ఇంజన్‌లా కనిపిస్తుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజన్ కాబట్టి హై ప్రెషర్ లైన్ల జోలికి కూడా పోవద్దు. కంపెనీ స్కానర్ ఉన్నచోటికే తీసుకెళ్లండి. కంట్రోల్ షాఫ్ట్‌ని తిప్పే మోటారు మార్చితే దాని స్థానాన్ని స్కానర్‌తో మళ్లీ నేర్పించారో లేదో బిల్లు ఇచ్చేలోపే అడగండి.

మీ చేతిలో ఉన్నది ఆయిల్. మామూలు ఇంజన్ కంటే ఇందులో లింకులూ పిన్నులూ బేరింగులూ ఎక్కువ, అన్నీ ఆయిల్ పొర మీదే తిరగాలి. మాన్యువల్ చెప్పిన గ్రేడు తప్ప ‘ఎండలు ఎక్కువ కదా, కాస్త చిక్కటిది పోద్దాం’ అని ఎవరు చెప్పినా వినొద్దు. అమెరికాలో ఈ రకం ఇంజన్ల బేరింగ్ లోపాల మీద 2025లో 4 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచారు, అక్కడ కూడా మొదటి పనిగా ఆయిల్ పాన్‌లో లోహపు ముక్కలున్నాయేమో చూస్తున్నారు. బయటినుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ కారైతే ఛాసిస్ నంబరుతో ఆ పని పూర్తయిందో లేదో కనుక్కోండి.

ఘాట్లో ఈ ఇంజన్ బరువు పడగానే తనే 8:1 వైపు దిగుతుంది, మీరు చెయ్యాల్సింది లేదు. మామూలు కారైతే రెండో గేరులో నిమిషానికి 2,000 చుట్లకు తగ్గకుండా ఉంచండి. చిన్న బళ్లు 28 నిమిషాలకు ముందే పైకి చేరకూడదన్న నియమం ఉండనే ఉంది, పరుగుపెట్టి లాభం లేదు. టర్బో ఉన్న కారైతే పైన పార్కింగ్‌లో ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి.

ఆయిల్ మార్చే రోజున పాత ఫిల్టరు పారేయనివ్వకండి. కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. నల్లటి మడ్డి మామూలే. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులోనో వెండిలానో మెరిస్తే బేరింగు పొర ఊడుతోంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా కలిసిపోయే ఒకటి రెండు చుక్కలైతే, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఆయిల్, ఫిల్టరు మార్చి చూడండి. గోరుకి తగిలేంత పలుకులు ఉంటే ఆ కారుని స్టార్ట్ చేయకుండా, బండి మీద ఎక్కించి సర్వీస్‌కి పంపండి. కోసిన ఫిల్టరునీ కాస్త పాత ఆయిల్‌నీ ఒక సీసాలో పెట్టి దాంతోపాటే ఇవ్వండి.