కట్టు మార్పించుకోవడానికొచ్చిన పేషెంటుకి బిల్లు వేసేముందు

అమెరికా ఆసుపత్రుల ఇన్సూరెన్స్ క్లెయిములు చేసే మా హైదరాబాద్ టీములో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: విజిట్ నోట్ చదవగానే 99213 (పాత పేషెంటు మామూలు విజిట్ కోడ్) వేసేయకండి. పాత చార్టు తీయండి. ఏ ప్రొసీజర్ ఏ రోజు జరిగింది, ఎవరు చేశారు, దాని గ్లోబల్ పీరియడ్ (ప్రొసీజర్ ఫీజులోనే, అంటే ప్యాకేజీలోనే, తర్వాతి చూపులు కూడా కలిసిపోయే రోజులు) ఎంత అన్నవి తెలిశాకే కోడ్ సంగతి.

మెడికేర్‌లో (పెద్దవయసు వాళ్లకి అమెరికా ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) చిన్న ప్రొసీజర్లకి సున్నా రోజులైనా ఉంటాయి, పది రోజులైనా ఉంటాయి. ఫీ షెడ్యూల్‌లో 000, 010 అని కనిపిస్తాయి. ఊహించి వేయొద్దు. మామూలు కుట్లు 12001కి సున్నా, పొరలుగా వేసే 12031కి పది.

ఒక కేసు చూద్దాం. మార్చి 3న సెగగడ్డ కోసి చీము తీశారు, 10060. దీనికి పది రోజులు. ప్రొసీజర్ జరిగిన రోజు కూడా ప్యాకేజీలోదే, పది మాత్రం మర్నాటి నుంచి లెక్కపెట్టాలి, అంటే 13 వరకు. 8న పేషెంటు వచ్చి గాయంలో పెట్టిన గాజుగుడ్డ మార్పించుకున్నాడు. దానికి విడిగా డబ్బు రాదు, 99024 (డబ్బు లేని ఫాలో-అప్ విజిట్ కోడ్) వేసి రికార్డులో ఉంచండి. 14న వస్తే మామూలు విజిట్టే.

అందరూ తికమకపడేది ఇన్‌ఫెక్షన్ దగ్గర. 8న గాయం ఎర్రబడి, వాచి ఉంటే డాక్టర్ యాంటీబయాటిక్ రాశారనుకోండి. మెడికేర్‌కి అదీ ప్యాకేజీలోదే. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లి మళ్లీ ప్రొసీజర్ చేస్తేనే మాడిఫైయర్ (కోడ్ పక్కన తగిలించే రెండంకెల గుర్తు) 78 వేసి విడిగా బిల్లు చేయాలి. క్లినిక్‌లోని ట్రీట్‌మెంట్ రూము థియేటర్ కిందకి రాదు. ఇక్కడ విజిట్ కోడ్‌కి మాడిఫైయర్ 24 తగిలించి పంపడం మాత్రం నేను ఒప్పుకోను. అది ఆ గాయంతో సంబంధం లేని సమస్యకే. అదే విజిట్‌లో బీపీ కూడా చూసి మందు మార్చారంటే, ఆ సంగతి నోట్‌లో విడిగా కనబడాలి. సీపీటీ (ఈ ప్రొసీజర్ కోడ్‌ల పుస్తకం) నియమం పాటించే ప్రైవేటు పేయర్లలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల్లో, కొందరు కాంప్లికేషన్‌కి విడిగా ఇస్తారు, కాబట్టి కాంట్రాక్ట్ చూడండి.

ఎమర్జెన్సీలో కుట్లు వేయించుకుని, విప్పించుకోవడానికి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికొస్తే ఆయన విజిట్ బిల్లు చేయొచ్చు. అదే ఒకే గ్రూపు, ఒకే స్పెషాలిటీ డాక్టర్లయితే ఇద్దరూ ఒక్కరి కిందే లెక్క. దెబ్బ తగిలి వేసిన కుట్లకి డయాగ్నసిస్‌గా జెడ్48.02 (కుట్లు విప్పడానికి వచ్చారని చెప్పే కోడ్) వద్దు. ఆ గాయం కోడే, చివర డి అక్షరంతో (తర్వాతి విజిట్ అని గుర్తు) వేయండి.

ఇక సీఓ-97 డినయల్ (ఇది వేరే ప్రొసీజర్ డబ్బులోనే కలిసిపోయిందని ఇన్సూరెన్స్ తిప్పికొట్టడం) వస్తే ఆ మొత్తాన్ని పేషెంటు ఖాతాలోకి నెట్టొద్దు. సీఓ అంటే ప్రొవైడర్ భరించాల్సింది. మన కోడింగ్ తప్పయితే సరిచేసి మళ్లీ పంపండి, కాకపోతే రైట్ ఆఫ్ చేయండి, అంటే ఆ మొత్తాన్ని వదులుకోండి. అంతేగానీ, కట్టు మార్పించుకున్న పెద్దాయన ఇంటికి బిల్లు వెళ్లకూడదు.