కొండా కడలీ కలిసిన ఊరికి వెళ్లే ముందు

వాతావరణ సూచన తీరానికి వేరుగా, కొండకు వేరుగా చూసుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద కాసే ఎండను నమ్మి స్వెట్టరు గదిలో వదిలేస్తే పైన వణకడమే.

సముద్రపు తేమగాలి కొండను తాకి పైకి లేచి మబ్బుగా మారుతుంది. దారి మసకబారితే శిఖరం మీద ఆశ వదులుకుని, వచ్చిన దారినే దిగండి. పడమటి కొండ చాటున పొద్దు ముందే వాలుతుంది, టార్చి మరవకండి. ఫోను వెలుగు దానికి సాటి రాదు.

అన్నిటికంటే మోసకారి నీరే. నురగలు కక్కే అలల నడుమ ఒకచోట మాత్రం నీరు నునుపుగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. ఈతకు అనువైన చోటని అక్కడే దిగుతారు చాలామంది. నిజానికి అది లోపలికి లాగే ప్రవాహం కావచ్చు. చిక్కుకుంటే దానికి ఎదురీదకండి, అలసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లండి. కాపలా సిబ్బంది ఉన్నచోటే దిగడం మేలు.

కొండచరియ కింది ఇసుకలో కూర్చోవాలంటే ముందు పోటు వేళలు కనుక్కోండి. నీరు పెరిగితే తిరుగుదారి మునిగిపోతుంది.

జారని బూట్లు, తాగునీళ్లు సరేసరి.